పూరీ బజార్ల మా పెద్దబాపు

మొన్న సోమారం పొద్దుగాల మా పెద్దబాపు పోయిండు. సిరిసిల్లల మా వాడకట్టోళ్ళకు, అటు కోరుట్ల, రాయికల్ దాకా ఆయనతోని యాత్రలు తిరిగినోళ్ళకు నేనే ఫోన్లు చేసిన. "అయ్యో, వచ్చే ఏడు ద్వారక పోదమన్నడు గద!" అని ఏడ్చినోళ్ళే ఎక్కువ.

పెద్దబాపు మొదాలు చేతిమగ్గం, తర్వాత మరమగ్గం మీద బతికిన మనిషి. ఏడాదికోసారి తెలిసినోళ్ళను జమచేసి, రైలెక్కిచ్చి ఏదో ఒక రాష్ట్రం జూపిచ్చెటోడు. రైల్ల మనోళ్ళందరు ఒక్కతాన కూసుంటె ఊకునెటోడు కాదు, లేపి తలో దిక్కు పంపెటోడు. "మనం మనమే ముచ్చట వెట్టుకునేదానికి ఇంత దూరం ఎందుకు, సిరిసిల్లల అరుగు లేదా?" అనెటోడు. పోయే ముందు ఆ భాషల "మంచిగున్నరా" అనుడు ఒక్కటి నేర్చుకునెటోడు. "గదొక్కటి అస్తె చాలు. తిట్టుకునుడు ఎట్లైన అస్తది" అని నవ్వెటోడు.

నా సంగతి చెప్పాలె. మా వెనుక అర్రల ఒడిశా నుంచి అచ్చిన మగ్గం కార్మికుడు పెండ్లాంతోని కిరాయికుండె. ఈడోళ్ళకే పని దొరకక తిప్పలైతుంటె వీళ్ళెందుకు అచ్చిన్రని నాకు కడుపుమంట. అర్ర ఖాళీ చెయ్యమన్న. పెద్దబాపు నన్ను తిట్టలే. "ఈసారి పూరీ పోతున్నం, నువ్వు రా కొడుకా. అచ్చినంక ఎల్లగొడుదువు తియ్యి" అన్నడు.

పూరీ బజార్ల నడుస్తుంటె ఒకామె చీర చెంగు గాలికి లేసింది. పెద్దబాపు లటుక్కున పట్టి, వేళ్ళ నడుమ రుద్ది, తిరగేసి నేత జూడవట్టిండు! నేతోనికి మంచి బట్ట కనవడితె చెయ్యాగుతదా? అది మనిషి ఒంటి మీదున్నదన్న సోయి లేదు. ఆమె కెవ్వుమన్నది. మొగడచ్చి కాలర్ పట్టిండు. జనం జమైన్రు. "మంచిగున్నరా" అనుడు తప్ప ఆళ్ళ భాష మాకు రాదు.

పెద్దబాపు ముందుగాల ఆమెకు రెండు చేతులెత్తి మొక్కిండు. ఆనక నడిబజార్ల కూసొని, మగ్గం ముందట కూసున్నట్టే ఉత్త గాలిలనే నాడె విసిరి, కాళ్ళతోని తొక్కి, నోటితోని టకటక మగ్గం చప్పుడు చేసిండు. ఆమెనే ముందు నవ్వింది. మొగడు కాలర్ వదిలి, సాపు చేసి, మమ్ముల ఇంటికి తీస్కపోయి చాయ్ పోయిచ్చిండు. ఆ చాయ్ తాగుకుంట నేను సిగ్గుతోని తల దించుకున్న. తప్పు చేసినోన్ని ఆమె మొగడు ఇంట్లకు పిలిచిండు. ఏ తప్పు చెయ్యనోన్ని నేను ఇంట్లకెల్లి పొమ్మన్న.

అచ్చినంక ఖాళీ చెయ్యమన్న మాట మళ్ల ఎత్తలే. పెద్దబాపు కూడ "ఏమాయెరా?" అని ఒక్కనాడు అడుగలే. గసొంటి మనిషి.

ఆయనను సాగనంపి అచ్చినంక మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. చుట్టాలింక తొవ్వలనే ఉన్నరు. వెనుక అర్రకెల్లి ఆ ఒడిశా ఆమె అన్నం, పప్పు తెచ్చి మా పెద్దమ్మ ముందట కూసున్నది. "తిను పెద్దమ్మా, గిట్లయితె ఎట్ల?" అన్నది, అచ్చం మా యాసలనే. పెద్దమ్మ ముట్టలే. ఆమెనే కలిపి ముద్ద నోట్లె వెట్టింది. పెద్దమ్మ నమిలేదాక ఆగి, ఇంకో పల్లెంల అన్నం వెట్టి, నా దిక్కు జరిపింది.