తెర మీది తెల్లమచ్చలు

మొన్న మా మనవరాలు ల్యాప్‌టాప్‌కు పెద్ద మానిటర్ తగిలించుకుని, బొమ్మ నిండా తెల్లచుక్కలు మినుకుమంటున్నాయని విసుక్కుంటుంటే, ఏడో తరగతి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చిన నేను, ఏమీ అడక్కుండా వైరు ఊడబీకి దాని కొనను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. తాతకు మతి చలించిందనుకుంది పాపం. మీలో రొయ్యల గుంటల మీద బతికినవాళ్లుంటే మాత్రం తొందరపడి నవ్వకండి.

విడవలూరు అవతల, సముద్రపు గాలి మొహాన కొట్టేచోట, మా అక్కా బావలకు ఒక రొయ్యల గుంట ఉండేది. అంతకుముందు పంట తెల్లమచ్చల జబ్బుతో పోయింది. ఈసారీ పోతే గుంట అమ్ముకోవడమేనని అక్క ముందే తేల్చి చెప్పింది. నేను అక్కడ మేత చల్లుతూ, మిగతా వేళల్లో అందరినీ ఏడిపిస్తూ కాలం గడిపేవాణ్ణి. ఆ ఉప్పుగాలికి మేకు కొట్టిన మర్నాడే తుప్పు. అందుకని బావ గ్రీజు డబ్బా చంకన పెట్టుకుని తిరుగుతూ, తాళాలు, మోటారు బోల్టులు, గేటు బందులు, ఏది కనిపిస్తే దానికి పూసేవాడు. ఆయన ఎదుట కదలకుండా నిలబడితే నా మొలతాడుకు కూడా పూస్తాడని అనేవాణ్ణి.

జబ్బు ఉందో లేదో చూడటానికి రొయ్య తల పెంకు ఒలిచి ఎండకేసి పట్టుకోవడం మా పద్ధతి. చదువుకుని వచ్చిన మేనల్లుడు ఆ పెంకు మీద కెమెరా పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి వైరు లాగి, అందరికీ కనబడాలని షెడ్డులో పెద్ద మానిటర్ పెట్టాడు.

ముసురు పట్టిన ఒక ఉదయం, రొయ్యలు మేత సరిగ్గా ముట్టలేదు. ఎండ లేదు కాబట్టి మానిటరే దిక్కయింది. తెర వెలిగింది. పెంకంతా తెల్లమచ్చలు.

జబ్బే అయితే తక్షణం పట్టుబడి చేయాలి, అంటే రొయ్యలన్నిటినీ వలతో లాగేసి ఐసులో వేసి అమ్మేయాలి; ఆలస్యమైతే గుంటంతా చచ్చి తేలుతుంది. జబ్బు కాకపోతే, వేలెడైనా లేని రొయ్యల్ని మన చేతులతో మనమే చంపుకున్నట్టు. బావ పిలిపించిన వలవాళ్లు వచ్చి, నడుంలోతు నీళ్లలో దిగి, అక్క మాట కోసం నిలబడ్డారు. మేనల్లుడు తెర వెలుతురు తగ్గించాడు, బొమ్మ కొలత మార్చాడు, మొత్తం ఆపి మళ్లీ వేశాడు; మచ్చలు పోలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెరకేసే చూస్తోంది.

భయమేస్తే నా నోరు ఆగదు. మౌస్ బాణం పెంకు పక్కన ఖాళీలోకి జరిగింది, దాని మీదా చుక్కలే.

“రొయ్యకేనా బావా, బాణానికి గూడా జబ్బు తగులుకున్నట్టుండాదే. దాన్నీ ఐసులో యేద్దామా?” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మేనల్లుడు మాత్రం ఉలిక్కిపడి, అంతదాకా ఆర్పి ఉంచిన ల్యాప్‌టాప్ తెరను వెలిగించాడు. అందులో పెంకు శుభ్రంగా ఉంది. కష్టం ఇంకా పెరిగింది. రెండు తెరలు రెండు మాటలు చెబుతుంటే దేన్ని నమ్మేది? చిన్న తెరలో చిన్న మచ్చలు ఆనవంటాడు బావ. వల లాగమంటారా, ఎక్కి రమ్మంటారా అని నీళ్లలోంచి కేకలు.

“ముందు ఆ వైరు ఊడబీకి సూడరా,” అంది అక్క నాతో.

ఊడబీకాను. వేళ్లకు పసుప్పచ్చటి జిడ్డంటింది. వాసన చూడక్కర్లేదు గానీ చూశాను. అక్క నెమ్మదిగా బావ వైపు తిరిగింది.

“ఇనుమే గదా అని పూసినాను,” అన్నాడు బావ నేల చూస్తూ. “ఉప్పుగాలికి పాడైపోతాదని.”

మేనల్లుడు దూదిని స్పిరిట్‌లో ముంచి రెండు కొనలూ తుడిచి, ఆరాక తగిలించాడు. తెర మళ్లీ వెలిగింది. పెంకు గాజుముక్కలా ఉంది. అక్క అంతటితో నమ్మక, ఇంకొన్ని పెంకులు పెట్టించి చూశాకే గట్టెక్కి చెయ్యి ఊపింది. వలవాళ్లు చలికి వణుకుతూ పైకొచ్చారు. ముసురుకే మేత తినలేదని ఎండ వచ్చాక తెలిసింది. ఆ పంట నిలబడింది, గుంటా మిగిలింది.

మనవరాలి వైరుకు ఏ వాసనా లేదు. కొత్తది తెప్పించుకుంది, బొమ్మ బాగుపడింది, పాతది చెత్తబుట్టలో పడింది. ఇప్పుడంతా అంతే, వస్తువు పాడయ్యాక పారేసేవాళ్లే గానీ, పాడవకముందే దాని మీద బెంగపెట్టుకునేవాళ్లు కనబడరు. బావ పోయాక గుంట గేటు నేనే తీస్తున్నాను, తీసిన ప్రతిసారీ కిర్రుమంటుంది. ఆయన గ్రీజు డబ్బా షెడ్డులో పెట్టినచోటే ఉంది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా రావడం లేదు.