పాలపిట్ట కోసం ఎండబెట్టిన కొమ్మ

ఒక పెద్దమనిషిని ఏళ్ల తరబడి దిష్టికళ్లవాడిగా బతకనిచ్చాను. ఆ బరువు ఇవాళ మీ ముందు దించుకుంటున్నాను. ఏమనుకున్నా సరే, సంతోషంగానే దించుకుంటున్నాను.

మాది మైలవరం. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. మా వీధిలో చెట్టు ఎండితే చాలు, మర్నాటికి పొయ్యిలో ఉంటుంది. పెరటి వెనక తాడి మోడు కొట్టేసిన వేసవిలో, దాని తొర్రలో గూడు పెట్టే పాలపిట్టల జంట చోటు లేక రోజంతా అరుస్తూ తిరిగింది. నాకు అన్నం సయించలేదు. మా మామగారు కంటి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్లినప్పుడు, ఆయన ప్రాణంగా పెంచిన మామిడిచెట్టులో ఒక లావుపాటి కొమ్మ చుట్టూ బెరడు వలిచేసి, కోత కనబడకుండా మట్టి పూశాను. చెట్టు బతుకుతుంది. ఆ కొమ్మ మాత్రం ఎండి, పుచ్చి, తొర్రపడుతుంది. అడిగితే ఒప్పుకునేవారా? అందుకే అడగలేదు.

ఆకులు రాలేసరికి మామగారు కూలబడ్డారు. పక్కింటి సుబ్బారావుగారు, ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఆ ఏడే "అబ్బో, ఏం కాపు బావా!" అన్నారట. ఆ కళ్లే తగిలాయన్నారు మామగారు. కొమ్మకి గుమ్మడికాయ కట్టించారు. "ఎండినా అది నా కొమ్మే" అని నరకనివ్వలేదు. సుబ్బారావుగారు మా గడప తొక్కడం మానేశారు. నేను నోరు విప్పలేదు. నిజం తెలిస్తే కోపంతో కొమ్మ కొట్టేస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిట్టల కోసమేనా? కాదు, భయం.

వడ్రంగిపిట్ట వచ్చింది. తొలిచింది. ఏటేటా వానలకి తొర్ర పెద్దదైంది. ఈ వేసవిలో, చెబితే నమ్ముతారా, పాలపిట్టలు! గెలిచాను! పెరట్లో ఒక్కదాన్నే గంతులేశాను. పిల్లలు తలలు బయటపెట్టిన రోజు మామగారు అన్నీ మరిచిపోయి గోడ మీదుగా కేకేశారు.

"రా బావా, పాలపిట్ట పిల్లల్ని చూద్దువుగాని!"

సుబ్బారావుగారు వచ్చారు. చెట్టు కిందికి రాగానే తల దించి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"చెట్టుకి తగిలింది చాల్లే బావా. పసివాటికెందుకు?"

ఇక ఆగలేకపోయాను.

"మీ కళ్లు కాదు బాబాయిగారూ, నా కత్తి. ఆ కొమ్మని ఎండబెట్టింది నేనే."

మామగారు తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్లిపోయారు. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. సుబ్బారావుగారు కూడా పోనీలే అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. గుండె మాత్రం హాయిగా ఉంది. ఆ రోజు ఆయన మెల్లగా చెయ్యి తీసి, తలెత్తి, ఆ పిల్లల్ని మెడ నొప్పెట్టేదాకా చూశారు.