అల్లుడుగారి పొడీ, మా పెద్దమ్మా

మా పెద్దమ్మ పోయింది. అల్లవరం నుంచి ఫోను వచ్చేసరికి నేను అమలాపురం బస్టాండులో ఉన్నాను. వానాకాలపు జ్వరం ఊపిరితిత్తులకు పాకిందట, ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే అయిపోయిందట. ఊళ్ళో ఆవిణ్ణి తలుచుకున్నవాళ్ళంతా "మహా మొండిమనిషి" అన్నారు. మొండిదే. ఆ మొండితనం ఎవరి ప్రాణం నిలబెట్టిందో చెప్పకుండా ఊరుకోవడం మాత్రం నా వల్ల కాదు.

ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని మీద రాసింది చదవనిదే ఆవిడ లోపల పెట్టేది కాదు. అగరొత్తుల పెట్టైనా సరే, కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి పట్టుకుని చదివేది. మేం నవ్వేవాళ్ళం. పెదనాన్నకు గుండెనొప్పి వచ్చాక నవ్వులు ఆగిపోయాయి. రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువుందనీ, మాత్రలు రోజూ వేసుకోవాలనీ, తనతో చెప్పకుండా మానొద్దనీ డాక్టరుగారు చెప్పారు. నేతిగిన్నె అటకెక్కింది. ఎకరాలకొద్దీ కొబ్బరితోట ఉన్న మనిషికి కొబ్బరి పచ్చడి ఆదివారాలు మాత్రమే, అదీ చెంచాడు.

"ఈ తోట నాదేనంటావా?" అని పెదనాన్న సణిగేవారు.

"తోట మీదేనండీ. గుండె మాత్రం నాది," అనేది పెద్దమ్మ.

ఆ రోజుల్లోనే, తొంభైల చివర్లో, పెదనాన్న తమ్ముడి అల్లుడు పొడి డబ్బాలు మోసుకొచ్చాడు. కొవ్వు కరిగించే పొడట. అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, గ్లాసుడు వేడినీళ్ళలో కాచిన నెయ్యి వేశాడు. అది పైకి తేలింది. పొడి వేసి గిలకొట్టేసరికి నెయ్యి కనబడకుండా పోయి నీళ్ళు పాలలా అయ్యాయి. "మీ రక్తంలో కొవ్వు కూడా ఇలాగే కరిగిపోద్దండీ," అన్నాడు. మా వైపు అల్లుడుగారి మాట కాదనడమంటే ఆయన ముందున్న విస్తరి లాగెయ్యడమే. వీధంతా కొన్నారు. మాత్రలు మానితేనే పొడి పనిచేస్తుందన్నాడని పెదనాన్న మాత్రలు మానేశారు. పెద్దమ్మ వద్దని మొత్తుకుంటే, "అల్లుడుగారు చిన్నబుచ్చుకుంటారే," అన్నారు. చిన్నబుచ్చుకుంటారట. గుండె ఏమైపోయినా ఫర్వాలేదు గానీ, అల్లుడుగారి మొహం వాడకూడదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్ని వారాలకే పెదనాన్న తోటదాకా నడిచి, ఆయాసంతో గట్టు మీద కూలబడ్డారు. పెద్దమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. కారు పిలిపించి అమలాపురం తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. కొలెస్టరాల్ మునుపటికంటే పెరిగింది. "మాత్రలు ఎవరు ఆపమన్నారండీ?" అని డాక్టరుగారు అడిగితే పెదనాన్న తలదించుకున్నారు. ఇంకోసారి నొప్పి వస్తే ఆసుపత్రిదాకా తేగలరో లేదో చెప్పలేనని ఆయన అన్నారట. 

తరవాతి ఆదివారం అల్లుడుగారు కొత్త డబ్బాలతో దిగాడు. మళ్ళీ అరుగు నిండా జనం, మళ్ళీ గ్లాసు, మళ్ళీ నెయ్యి. నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద ఏమీ రాయలేదేంటండీ? ఇందులో ఏం కలిపేరండీ?"

"అది బయటికి చెప్పకూడదండీ అత్తయ్యగారూ."

"సుగరు కూడా తగ్గుద్దని చెప్పేరంట?"

"ఆయ్, తగ్గుద్దండీ. మోకాళ్ళ నొప్పులు, ఉబ్బసం, అన్నీనండీ."

"మరి వాడుతున్నట్టు మా డాక్టరుగారితో చెప్పొచ్చాండీ?"

"ఎందుకండీ, ఆయనకి గిట్టదండీ."

పెద్దమ్మ లోపలికి వెళ్ళి, పిల్లల తలంట్లకు తీసి ఉంచిన కుంకుడు రసం పట్టుకొచ్చింది. ఇంకో గ్లాసులో వేడినీళ్ళు పోసి, నెయ్యి వేసి, ఆ రసం పోసి గిలకొట్టింది. నెయ్యి మాయమైంది. నీళ్ళు పాలలా అయ్యాయి.

"మా కుంకుడు రసానికీ కరిగిందండీ అల్లుడుగారూ. తాగుతారా?"

 అప్పుడు రక్తపరీక్ష సంగతి అందరి ముందూ చెప్పింది. గ్లాసులో కరిగింది ఒంట్లో కరుగుతుందని నమ్మొద్దనీ, మాత్రలు ఆపినవాళ్ళు రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళమనీ చెప్పింది. కొందరు వెళ్ళారు. కొందరు మర్యాద కోసం ఆ పొడి తాగుతూనే ఉన్నారు.

అల్లుడుగారు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. కోనసీమలో అంతకంటే అప్రతిష్ఠ ఏముంటుంది? మరిదిగారింటివాళ్ళు ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కలేదు. పెళ్ళిళ్ళలో తోడికోడలు పక్కనుంచే మొహం తిప్పుకుని వెళ్ళేది. పెద్దమ్మకు బాధ లేదని కాదు, ఒకసారి నా ముందే కళ్ళొత్తుకుంది. అయినా మాట తిప్పలేదు. "మర్యాద వడ్డనలో చూపిద్దామే, మందులో కాదు. మాటలు పోతే పోయేయి, మనిషున్నారు కదా," అంది.

మొన్న పెద్దకర్మకు అల్లుడుగారు వచ్చాడు. భోజనాలయ్యాక పెదనాన్న పక్కన చేరి, గొంతు తగ్గించి, "అత్తయ్యగారు నా మాట వినలేదు గానండీ, ఇప్పుడు కేప్సూల్సు వచ్చేయండీ మావయ్యగారూ," అన్నాడు.

"ఆవిడ వినలేదు కాబట్టేనండీ, ఇవాళ మీ మాట వినడానికి నేనున్నాను," అన్నారు పెదనాన్న.

జేబులోంచి మాత్ర తీసి, అందరూ చూస్తుండగా మంచినీళ్ళతో మింగారు. దండ వేసిన పెద్దమ్మ ఫోటో వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నాలుక చూపించారు. మింగానని రోజూ ఆవిడకు అలాగే చూపించేవారట. ఆవిడ "ఊఁ" అనేదాకా మూసేవారు కాదట. ఆ పూట ఆ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.