నలభై ఒకటో దినం

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఆడడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లూ చోటు దొరకలేదు. ఇవాళ మీ ముందు దించుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, అందుకే ఈ కాస్త ధైర్యం.

నేను పుట్టు మాటకారిని. చిన్నప్పుడు వస ఎక్కువ పోశానని మా అమ్మ నవ్వేది. ఎనభైల్లో నారాయణఖేడ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. సాయంత్రం పని కాగానే కాలేజీ పిల్లల్ని కలిసేవాణ్ణి. మైకులూ మీటింగులూ లేవు, ఒక్కొక్కరినే. బస్సు డిపో వెనక గోడ మీద కూర్చుని, టీ తాగుతూ, యేసు గురించి చెప్పడం. ఇలా సువార్త చెప్పే మాలో ఒక పద్ధతి ఉండేది. ముందు నీ సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు నీ బతుకులో ఏం చేశాడో నీ నోటితోనే చెప్పాలి. నా తోటివాళ్లలో ఒకడు తాగుడు మానాడు, ఇంకొకడు దొంగతనాలు మానాడు. నాకేముంది? పాస్టరు కొడుకుని. బీడీ కూడా ముట్టలేదు. నా సాక్ష్యం వింటే పిల్లలకు ఆవులింతలు వచ్చేవి.

అలాంటప్పుడు కలిశాడు సంగప్ప. మనూర్ వైపు పల్లె, ఇంటర్ రెండో ఏడు. గట్టి నత్తి. బస్సులో టికెట్టు అడగలేక ఊరి పేరు చీటీ మీద రాసి కండక్టర్‌కు చూపించేవాడు. తెలివైన పిల్లవాణ్ణి అందరూ మూగవాడనుకునేవారు. వాళ్లమ్మ నాలుకకు వస రాసింది, దర్గాలో తాయెత్తు కట్టించింది, మొక్కని దేవుడు లేడు.

ఒక సాయంత్రం డిపో గోడ మీద అతను నా నోటి వంకే చూస్తున్నాడు, మాటలు ఎలా వస్తున్నాయో కనిపెడుతున్నట్టు. నాకు జాలి వేసిందా? లేక ఒక్కసారైనా నా సాక్ష్యానికి ఒకడు కదిలిపోవాలన్న ఆశా? జాలి అనుకుంటే హాయిగా ఉంటుంది, అందుకే ఆ జవాబును నేను నమ్మను.

"నాకు గూడ నీ లెక్కనే నత్తి ఉండె, తమ్మీ. ప్రార్థన చేసిన. పోయింది" అన్నాను.

సంగప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎ... ఎన్ని దినాలకు పోయిందన్నా?"

అక్కడైనా ఆగొచ్చు. నరం లేని నాలుక ఆగుతుందా? "నలభై దినాలకు" అన్నాను. అని మరిచిపోయాను.

అతను మరవలేదు. నలభై ఒకటో దినం పొద్దున్నే, ఆఫీసు తాళం తీయకముందే, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. ముందురోజు నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని తరువాత తెలిసింది. మొదటి మాట నాతోనే అనాలనుకున్నాడట. లేచి నిలబడి 'అన్నా' అనబోయాడు. 'అ' దగ్గరే ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపటికి ఒక్క మాట పూర్తి చేశాడు.

"నా న... నమ్మకమే తక్కువైంది గదన్నా?"

దానికి ఒకటే జవాబు. నీ నమ్మకం తక్కువ కాలేదు, నేను అబద్ధమాడాను. నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ నేను అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇంక జర గట్టిగ ప్రార్థన చెయ్" అన్నాను.

మొదటిది నోరు జారడం అని సరిపెట్టుకోవచ్చు. ఇది తెలిసి చేసింది. అతను తలూపి, తప్పంతా తనదేనన్నట్టు మెట్లు దిగి వెళ్లాడు. కొన్నాళ్లకు నాకు బదిలీ అయింది. లోపల సంతోషించాను. అదీ చెప్పేస్తున్నాను.

తొంభైల్లో మనూర్ దగ్గర పల్లెలో ఒక ప్రార్థన కూడికకు రమ్మంటే వెళ్లాను. రేకుల షెడ్డు, చాపలు, ముప్ఫై మంది. వాక్యం చెప్పడానికి లేచినవాణ్ణి చూస్తే సంగప్ప. నత్తి అలాగే ఉంది. అతను ఒక్కో మాట దగ్గర ఆగేవాడు, జనమూ అతనితో పాటే ఆగేవారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ మాట అందించలేదు. కందిచేల నుంచి అలాగే వచ్చిన ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలతో, మాట వచ్చేదాకా కదలకుండా కూర్చున్నారు. నేనెన్ని ప్రసంగాలు చేశాను, ఎన్ని విన్నాను. మాటను అంత విలువగా అందుకున్న మనుషుల్ని ఎక్కడా చూడలేదు.

తరువాత నన్ను చూపించి తన సాక్ష్యం చెప్పాడు. "గీ అన్నకు నత్తి పోయింది. నాకు పోలే. ఎందుకు పోలేదని ఏండ్ల కొద్ది అడిగిన. దేవుడు చెప్పలే. గాని అడిగినన్ని దినాలు నా పక్కన్నే కూసున్నడు. గందుకే నేను గూడ ఆయన్ను ఇడిచిపెట్టి పోలే."

నేను ఒక్క గుక్కలో రాశాను గానీ, ఇది చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది.

పుచ్చు గింజ మొలవదంటారు. నేను వేసింది పుచ్చు గింజే. మరి ఈ పంట ఎక్కడిది? నా అబద్ధాన్ని దాటుకుని అతని దగ్గరికి వచ్చి కూర్చున్నది ఎవరు? ఎందరికో నేను చెప్పిన దేవుడు నిజంగా ఉన్నాడని నాకు భయం కలిగింది ఆ రోజే. అంతకుముందు ఆయన గురించి బాగా మాట్లాడడం వచ్చు, అంతే.

నన్ను సాగనంపడానికి నారాయణఖేడ్ దాకా బస్సులో వచ్చాడు. కండక్టర్ రాగానే నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టి ఆపాడు. చీటీ తీయలేదు. "రె... రెండు" అన్నాడు. 'నా' దగ్గర ఆగింది. బస్సు రెండు గతుకులు దాటింది. కండక్టర్ కమ్మీ పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. "నారాయణఖేడ్" అని పూర్తి చేసి, సంగప్ప నా వైపు తిరిగి నవ్వాడు.

అప్పుడు చెప్పవలసింది. పక్కపక్క సీట్లు, బోలెడు దారి. నిజం చెబితే అతని నమ్మకం చెదురుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అంత నిలిచినవాడి నమ్మకం నా మాటకు చెదురుతుందా? అతని కళ్లలో నేను పడిపోతానన్నదే నా భయం. డిపో వచ్చేదాకా వానల గురించి, కంది ధర గురించి గలగలా మాట్లాడాను.

ఇప్పటికీ ఆ పల్లెల్లోనే తిరుగుతున్నాడట. వెళ్లిన ప్రతిచోటా నత్తి పోయిన అన్న గురించి చెబుతాడట. నా అబద్ధం ఇప్పుడు ఒక నిజాయితీపరుడి నోట్లో ఉంది. మీరు నన్ను క్షమించలేరు, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పలేకపోయిన ఆ ఒక్క మాట మొదటిసారి పూర్తిగా బయట పెట్టాలని కూర్చున్నాను. మొదటి అక్షరం దగ్గర నేనూ చాలాసేపు ఆగిపోయాను.

సంగప్పా, నాకెన్నడు నత్తి లేకుండె.