బాల్వాడీకి బొట్టు పిలుపు

డెబ్బైల నాటి మాట. మిర్యాలగూడలో మేముండే రైస్ మిల్లు పక్కన, రేకుల షెడ్డులో ఒక బాల్వాడీ నడిచేది. నాయన పోయాక అమ్మ మమ్మల్ని నేరేడుచర్ల నుంచి తీసుకొచ్చి ఆ మిల్లులోనే ఉడికిన వడ్లు ఆరబోసే పనికి కుదిరింది. నేను మూడో తరగతి. తమ్ముడికి ఇంకా లాగు తొడుక్కోవడం కూడా రాదు. వాడు బాల్వాడీలో ఉంటేనే నేను బడికి పోగలను, లేకపోతే వాణ్ణి చూసుకునే దిక్కు నేనే.

బాల్వాడీ వ్యవహారాలు పిల్లల తల్లులే కమిటీగా చూసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మిల్లు ఆడవాళ్లు మా అమ్మనూ, పక్కింటి అత్తనూ పంపారు. మిగతావాళ్లు బజారులోని సావుకార్ల ఇళ్ల కోడళ్లు. మిల్లు యజమాని పెద్ద కోడలు అధ్యక్షురాలు. మొదటి మీటింగుకు బాల్వాడీ పంతులమ్మ నోటిమాటగా పిలిచింది. అమ్మ చాప అంచున కూర్చుని ఒక్కటే అడిగిందట, పొద్దున మిల్లు కూత వేసేసరికి బాల్వాడీ తలుపు తీయాలని. మర్నాటి నుంచే తీశారు. చదువురాని మా అమ్మ మాట మీద సర్కారు తలుపు తెరుచుకుంటోందని నేను బడంతా చెప్పుకు తిరిగాను.

సావుకార్ల పిల్లలకు ఆ షెడ్డు, ఆ ఊక దుమ్ము పడవన్నారు. పిల్లలకేం, మా వాడితో కలిసి ఊకలో దొర్లడమంటే వాళ్లకు ప్రాణం. పడనిది తల్లులకు.

రెండో మీటింగుకు అధ్యక్షురాలే పిలుపులకు బయల్దేరింది. కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పేరంటానికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలిచింది. మా వాడకూ వచ్చింది. పక్కింటి అత్తకు బొట్టు పెట్టింది. మా గడప ముందు నుంచే వెళ్లిపోయింది. అరుగు మీద తమ్ముడికి అన్నం పెడుతూ నేను చూస్తూనే ఉన్నాను.

ఆ మీటింగులో బాల్వాడీని బజారుకు మార్చారు. పదింటికి తెరవాలని కూడా తీర్మానించారు. అత్త నోరు విప్పకుండా కూర్చుని వచ్చింది. నోరున్న మనిషేమో ఇంట్లో ఉంది. అమ్మ వెళ్లి అడిగితే పంతులమ్మ తల దించుకుని, అందరినీ పిలిచామనే వాళ్లు చెప్పారంది.

నేను ఊరుకోలేదు. నిన్ను కావాలనే పిలవలేదని అమ్మతో పోట్లాడాను. ఆమె వడ్ల దుమ్ము కడుక్కుంటూ, "మొగడు లేనిదాన్ని. నాకు బొట్టెట్ల పెడ్తరు బిడ్డా? అందుల వాళ్ల తప్పేముంది?" అంది. వాళ్ల మీద కంటే ఆ మాట మీదే నాకు ఎక్కువ మండింది. ఇప్పటికీ చల్లారలేదు.

పదింటికి వాణ్ణి బజారులో దింపి వచ్చేసరికి బడి గంట ఎప్పుడో కొట్టేసేవాళ్లు. నా పలక అటకెక్కింది. తమ్ముణ్ణి చంకనేసుకుని మిల్లు కళ్లంలో, వడ్లు ఉడికించే పొగలో, వడ్లకు కోళ్లను తోలుతూ కూర్చున్నాను. వాడు ఒకటో తరగతిలో చేరాక గానీ మళ్లీ నేను బడి ముఖం చూడలేదు. నాకంటే చిన్నవాళ్ల మధ్య మళ్లీ అదే మూడో తరగతి.

బాల్వాడీ బజారుకు పోయిన మరుసటి ఏడు, వార్షికోత్సవమని ఆ భరిణె మళ్లీ వచ్చింది. ఈసారి మా గడప దగ్గర ఆగింది. లోపల అమ్మ ఉందని తెలిసే, నన్ను దగ్గరికి పిలిచి నొసట బొట్టు పెట్టి, "మీ ఇంటి తరఫున నువ్వు రా బిడ్డా, మిఠాయి పంచుతరు" అంది అధ్యక్షురాలు. ఆమె సందు మలుపు తిరగగానే పరికిణీ అంచుతో ఆ బొట్టు గట్టిగా తుడిచేశాను.

అమ్మ చూసింది. వచ్చి చెంప మీద కొట్టింది. "ఆడపిల్ల పెట్టిన బొట్టు తుడుసుకుంటదా?" అంది. తర్వాత నా రెక్క పట్టుకుని పక్కింటికి లాక్కుపోయింది. కుంకుమ మా ఇంట్లోనూ ఉంది, కానీ తన చేత్తో పెట్టలేదు. అత్తతో పెట్టించింది. అత్త పెడుతున్నంతసేపూ అమ్మ గడప బయటే నిలబడింది.