కండక్టర్ కాక సంతాపసభలు

పోయిన సోమవారం పొద్దున కండక్టర్ కాక పోయాడని ఫోన్ వచ్చింది. వికారాబాద్‌లో కూతురింట్లో ఉండగా ఛాతీలో నొప్పన్నాడట, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. తాండూరు బస్టాండు దగ్గర మా చాయ్ హోటల్ అప్పటికి నిండుగా ఉంది. కాక లేడని నేను చెప్పగానే సగం మంది నవ్వారు. వాళ్ల తప్పేం లేదు, మా హోటల్లో చావు కబురంటే కాక ఆడే నాటకమే. ఇదీ ఆయన వేసిన కొత్త వేషమేమోనని నేనే మళ్లీ ఫోన్ చేసి అడిగాను.

కాక మాకు చుట్టం కాదు, మా గల్లీ పెద్దమనిషి. బస్సు కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బస్సులో ఎవరైనా బీడీ ముట్టిస్తే పోట్లాడేవాడు కాదట. పక్కన నిలబడి, నీకు ఫుల్లు, నీ పొగకు హాఫ్ అని రెండు టికెట్లు చింపబోయేవాడట. బస్సంతా నవ్వేసరికి బీడీ కిటికీలోంచి బయటపడేదట. రిటైరయ్యాక కూడా ఆ అలవాట్లు పోలేదు. మా బెంచీ మీంచి లేచేటప్పుడు "రైట్ రైట్" అనకుండా లేచేవాడు కాదు.

సంతాపసభలు మా హోటల్లోనే మొదలయ్యాయి. ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే చాలు, కాక తువ్వాల భుజాన కప్పుకొని, ఖాళీ గ్లాసును మైకులా పట్టుకొని, ఎదురుగా కూర్చున్న ఆ మనిషికే నివాళి చెప్పేవాడు. పాపం మంచోడుండె, కొన్న పొగ ఒక్కడే పీల్చలేదు, మనందరికీ ఇంత పంచిండు అని మెచ్చుకునేవాడు. చివర్లో అందరినీ లేపి మౌనం పాటింపజేసేవాడు. నవ్వు ఆపుకోలేక పెదాలు కొరుక్కుంటూ నిలబడేవాళ్లం. "ఇగ కూసోండ్రి, చాయ్ సల్లారుతది" అని ఆయనంటేనే కూర్చునేది.

మా ఆయన ఊపిరితిత్తులు బాగాలేవని, సిగరెట్ ముట్టొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నేను తిట్టాను, ఏడ్చాను, ఒట్టు పెట్టించాను. ఏదీ పనిచేయలేదు. అప్పుడు కాక నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"తిట్టకు బిడ్డా. తిడితే కోపానికి ఇంకోటి ముట్టిస్తడు. నవ్వెటోని నోట్లె పొగ నిలువది."

మర్నాడు మా ఆయనకు సంతాపసభ పెట్టాడు. అల్లుడు పోయినంక గీ హోటల్ల చాయ్ జర మంచిగైంది, ఇప్పుడు బిడ్డ పెడుతుంది గదా అన్నాడు. అందరికంటే గట్టిగా మా ఆయనే నవ్వాడు. ఆ నవ్వుల్లోనే మెల్లమెల్లగా మానేశాడు కూడా.

కాకను సాగనంపి వస్తుంటే, పాడె మోసిన వాళ్లలో ఒకాయన బీడీ ముట్టించుకుని, "ఆయన తాగకపాయె, ఆయనే ముందు పాయె. మనం తాగవడితిమి, గిట్ల ఉంటిమి" అన్నాడు. మా ఆయన తలూపాడు. దీనికి మీరైతే ఏమంటారు? నిజం చెప్తున్నా, నాకు కాక మీదే కోపం వచ్చింది. వాదన గెలవడానికైనా ఇంకో పదేళ్లుండాల్సింది కదా ఆ మనిషి! ఏడవాల్సిన చోట కోపమేంటో, నాకే అర్థం కాలేదు.

నిన్న సాయంత్రం మా ఆయన బెంచీ మీద కూర్చుని ఎవరి దగ్గరో ఒక సిగరెట్ తీసుకుని వెలిగించాడు. ఏం చేస్తున్నానో తెలియకుండానే కొంగు భుజాన కప్పుకున్నాను, గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. పెళ్లాం అనాల్సిన మాటలా అవి? అయినా అన్నాను.

"మంచోడుండె మా ఆయన..."

అంతే, అక్కడే ఆగిపోయాను. కాక అంటే నవ్వొచ్చిన మాట నా నోట్లో నిజమైన చావులా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. అలవాటు కొద్దీ ఒక్కొక్కరే లేచారు. చివరికి మా ఆయన కూడా లేచాడు. సిగరెట్ వేళ్ల మధ్యే ఉంది, నోటి దాకా పోవడం లేదు. కూర్చోమనే మనిషి లేడు. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. బయట బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. లోపల అందరూ నావైపు చూస్తూ అట్లాగే నిలబడి ఉన్నారు.