పంపుకి పెట్టిన బొట్టు

మొన్న విశ్వకర్మ పూజ నాడు, యాభై ఏళ్లుగా మింగి కూర్చున్న మాటను అమ్మకి చెప్పేశాను. హాల్లో కొత్తగా పెట్టిన చేపల తొట్టి పక్కన ఇద్దరం కూర్చున్నాం. కడిగిన ఇసుకా, తడిసిన స్పాంజీ కలిసిన వాసన. ఆ వాసన కార్ఖానాల పేట గోల్‌మురిలో నా చిన్నప్పుడు మేమున్న కంపెనీ క్వార్టరుది. ఉద్యోగం అయిపోయాక మళ్లీ చేపలు పెంచాలనిపించింది దానికోసమే. తొట్టికి గాలి పంపే చిన్న పంపుకి కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటే, మా అమ్మాయి, "మా, ఆజ్ మెషీన్ బంద్ నహీ కరోగీ?" అని, ఇవాళ మిషను ఆపవా అని హిందీలో ఆటపట్టించింది. అంతే, నోరు విప్పాను.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడి కార్ఖానాలో వెల్డరుగా చేరాడు. పాత ఇనుప యాంగిళ్లు తనే అతికి, అద్దాలకి పుట్టీ పట్టించి, నీళ్లు కారితే ఎండబెట్టి మళ్లీ పట్టించి, నెల్లాళ్లు తంటాలు పడి తొట్టి చేశాడు. కలకత్తా నుంచి రైల్లో దిగిన చేపలు బిష్టుపూర్ దుకాణంలో ఆదివారం దొరికేవి. నీళ్లూ చేపలూ ఉన్న ప్లాస్టిక్ సంచిని పొట్టకి ఆనించుకుని నేను సైకిల్ రాడ్డు మీద కూర్చుంటే, "అదరనీకే బుజ్జీ, ఆటికి కళ్లు తిరుగుతాయి" అంటూ గుంతలు తప్పించి తొక్కేవాడు. ఏంజెల్ చేపలు, నల్ల మాలీలు, ఒకే ఒక్క గురామి. ఆశకొద్దీ తొట్టికి మించి కొనేవాడు గనక పంపు రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉండాలి.

విశ్వకర్మ పూజ వస్తే మా ఊళ్లో యంత్రమన్నది కదలదు. నాన్న సైకిల్ కడిగి, బంతిపూల దండ వేసి, ఆ రోజు నడిచే వెళ్లేవాడు. అమ్మ కుట్టుమిషనుకి బొట్టు పెట్టి గుడ్డ కప్పేది. "ఈయేళ మిషన్ని ముట్టుకోకూడదు. దానికీ రెష్టు కావాల" అనేవాడు నాన్న. కార్ఖానా గేట్లు పనివాళ్ల ఇంటివాళ్లకి తెరిచేది ఆ ఒక్కరోజే. పూలు కట్టిన క్రేన్లు, అగరొత్తులతో కలిసిన గ్రీజు వాసన, నూనె మరకలు పడ్డ కాగితప్పొట్లంలో బూందీ, వాటికోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, ఆ పూజకి బయల్దేరుతూ నాన్న అలవాటుగా ఇల్లంతా తిరిగి ఫ్యాన్లూ లైట్లూ ఆపాడు. అందరం గుమ్మం దిగాక నేను రిబ్బను మర్చిపోయానని వెనక్కి పరిగెత్తాను. పంపు ఒక్కటే పనిచేస్తోంది. పాపం దానికి రెస్టు లేదే అనిపించింది. వంటింట్లో పీట తెచ్చి, ఎక్కి, పంపుకి బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని స్విచ్ కట్టేశాను.

సాయంత్రం తిరిగొచ్చి ముందుగా లోపలికి వెళ్లింది నాన్న. కాస్త ఆగి అమ్మ, ఆ వెనక నేను. ఏంజెల్ చేపలు పక్కకి వాలి నీళ్ల మీద తేలుతున్నాయి. పైకొచ్చి గాలి పీల్చుకోగల గురామి ఒక్కటే తిరుగుతోంది. నా చేతిలో బూందీ పొట్లం నలిగిపోయింది.

"ఏటయ్యిందయ్యా?" అంది అమ్మ.

"నానే ఆపీసినాను" అన్నాడు నాన్న, తొట్టి వైపే చూస్తూ.

"సేపలకి కూడా రెష్టిచ్చినావా? గొప్ప ఇంజినీరువి!"

ఆ దెప్పిపొడుపు ఏళ్ల తరబడి సాగింది. చుట్టాలొస్తే చెప్పి నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు. గురామిని పొరుగింటికి ఇచ్చేసి, తొట్టిలో ఉల్లిపాయలు పోసుకున్నాం. ఆయన మళ్లీ చేపల జోలికి పోలేదు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ల తర్వాత చేపల ముందు ఇష్టంగా కూర్చోగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

మొన్న నా మాట విని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా, నువ్వా! ఆ మడిసిని ఎన్నేసి మాటలన్నానే!" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది.

గోల్‌మురి క్వార్టరు కూల్చేశారు. నాన్న పోయి పదేళ్లు. ఫ్యాన్లతోపాటు పంపు కూడా తనే ఆపానని నిజంగా నమ్మాడా, నన్ను కాయడానికి అన్నాడా, తెలీదు. నేనెక్కిన పీటని స్విచ్ కిందే వదిలేసి పరిగెత్తాను. తిరిగొచ్చి చూసేసరికి అది వంటింట్లో ఉంది. "నువ్వు తీసినావేటమ్మా?" అని మొన్నే అడిగాను. అమ్మకి గుర్తులేదు.